పని ఎక్కడ పేరుకుపోతుంది?

వరంగల్ పాత బస్తీలో భోగేశ్వరాలయం ఉన్న పేట మట్టెవాడ. దాని పక్కనే ఎంజీఎం. మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి అన్న పూర్తి పేరు బోర్డు మీద ఉంటుంది. జనం నోట మాత్రం అది ఎంజీఎం, పెద్దవాళ్ల నోట పెద్ద దవాఖాన. 1959లో మొదలైన కాకతీయ వైద్య కళాశాల విద్యార్థులు రోగి మంచం పక్కన నిలబడి వైద్యం నేర్చుకునేది ఇక్కడే. వెయ్యి పడకల ఆసుపత్రి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాల్లో ఎవరిని పాము కరిచినా, ఎవరు బండి మీద నుంచి పడినా, చిన్న ఆసుపత్రిలో చేతులెత్తేస్తే అంబులెన్సు తిరిగేది ఈ వైపే. గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి కూడా ఇక్కడికి వస్తారు.

ఇలాంటి చోట పని చెప్పి రాదు. ఇవాళ ఎంతమంది వస్తారో, ఎవరికి ఎంతసేపు పడుతుందో పొద్దున డ్యూటీ ఎక్కేటప్పుడు ఎవరికీ తెలియదు. ఏ పెద్ద సర్కారు దవాఖానాలోనైనా వార్డులో నర్సును ఒక్క పూట గమనించండి. ఒక మంచం దగ్గర ఇంజెక్షన్ సిద్ధం చేస్తుండగా పక్క మంచం వాళ్లు “సిస్టర్, గ్లూకోజ్ అయిపోయింది” అంటారు. అంతలో రౌండ్స్‌కు డాక్టర్లు వస్తారు, ల్యాబ్ నుంచి ఫోను వస్తుంది, కొత్త కేసు స్ట్రెచర్ మీద గుమ్మం దాటుతుంది. చేతిలోని ఇంజెక్షన్ మాత్రం ఎవరికి, ఎంత మోతాదులో అన్నదాంట్లో పొరపాటు జరగకూడదు.

పనులు చక్కబెట్టుకోవడం గురించి వచ్చే పుస్తకాల్లో చాలా భాగం బల్ల ముందు కూర్చుని పనిచేసేవాళ్ల కోసం రాసినవి. తలుపు వేసుకోండి, ఫోను పక్కన పెట్టండి, పొద్దున్నే లేవండి అంటాయి. వార్డుకు తలుపు వేయడం కుదరదు కదా. అందుకే ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఆఫీసు కన్నా ఆసుపత్రే మంచి చోటని నా నమ్మకం. అక్కడ పని క్రమం తప్పితే ఏమవుతుందో లెక్కలతో సహా తెలుస్తుంది. ఆ లెక్కలన్నీ చూశాక నాకు తేలిందేమంటే, పనులు పేరుకుపోవడాన్ని మనం మనిషి చురుకుదనానికో బద్ధకానికో అంటగడతాం, అసలు కారణం చాలాసార్లు పనిని అమర్చిన తీరులో ఉంటుంది.

ముందు బుర్ర సంగతి చూద్దాం. 1956లో అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ ఒక వ్యాసం రాశారు. వినగానే మనసులో నిలుపుకోగలిగినవి ఏడు, కాస్త అటూ ఇటూగా, అన్నది అందులోని మాట. అది అంకెలైనా కావచ్చు, మాటలైనా కావచ్చు. 2001లో నెల్సన్ కోవన్ ఆ పరిశోధనలన్నీ మళ్లీ తిరగేసి, లోలోపల వల్లె వేసుకోవడం, రెండు మూడింటిని ఒకటిగా ముడివేసుకోవడం వంటి కిటుకులు తీసేస్తే మిగిలేది నాలుగు దాకానే అని తేల్చారు. ప్రొఫెసరైనా కండక్టరైనా దాదాపు అంతే. రోజుకు ముప్పై పనులున్న మనిషి వాటన్నిటినీ తలలో పెట్టుకుని తిరుగుతున్నానంటే, ఎప్పుడో ఒకప్పుడు కొన్ని జారిపోతూనే ఉంటాయి.

ఒక పని వదిలి ఇంకో పని పట్టుకోవడానికి ఖర్చుందని 1927లోనే ఆర్థర్ జెర్సిల్డ్ కొలిచి చూపించారు. ఒకే రకం లెక్కలు వరసగా చేసినప్పటి కన్నా, ఒకసారి కూడిక, ఒకసారి తీసివేత అన్నట్టు మార్చి మార్చి చేసినప్పుడు మొత్తం సమయం పెరిగింది. 2001లో రూబిన్‌స్టైన్, మేయర్, ఎవాన్స్ కలిసి చేసిన ప్రయోగాల్లో ఆ ఖర్చు పని జటిలమయ్యేకొద్దీ ఎక్కువవుతుందని తేలింది. 2009లో సోఫీ లెరాయ్ మరో సంగతి జోడించారు: సగంలో వదిలేసిన పని తాలూకు ధ్యాస కొంత వెనకే ఉండిపోతుంది, కాబట్టి కొత్త పనికి మనసు పూర్తిగా దక్కదు. మీటింగులో కూర్చుని ఇందాక సగం రాసిన ఉత్తరం గురించి ఆలోచించడం అందరికీ అనుభవమే.

ఈ ఖర్చు వార్డులో ఎంత ఉంటుందో ఆస్ట్రేలియా పరిశోధకురాలు జొహానా వెస్ట్‌బ్రుక్ బృందం 2010లో లెక్కగట్టింది. సిడ్నీలో రెండు ఆసుపత్రులు, 98 మంది నర్సులు, 720 మంది రోగులు. నర్సులు మందు ఇచ్చిన 4,271 సందర్భాలను పక్కనుండి గమనించి రాసుకున్నారు. సగానికి పైగా సందర్భాల్లో మధ్యలో ఎవరో ఒకరు పలకరించారు. ఒక్కో అంతరాయానికి పద్ధతిలో లోపాలు 12.1 శాతం, మందు లేదా మోతాదు వంటి అసలు తప్పులు 12.7 శాతం పెరిగాయి. నాలుగుసార్లు ఆపితే, రోగికి పెద్ద హాని చేయగల తప్పు జరిగే ప్రమాదం రెట్టింపయింది. ఇందులో నన్ను నిలబెట్టిన విషయం మరొకటుంది. అనుభవం ఈ తప్పుల నుంచి కాపాడలేదు. పాతికేళ్ల సర్వీసున్న సిస్టరైనా, నిన్న చేరిన సిస్టరైనా, మధ్యలో ఆపితే మనసు ఒకేలా తడబడింది. తప్పు జరిగినప్పుడు “చూసుకోవద్దా అమ్మా” అని ఆ మనిషిని నిలదీస్తాం. ఆ ఇంజెక్షన్ కలిపేటప్పుడు ఆమెను ఎంతమంది పిలిచారో అడగం.

కంప్యూటర్లకూ ఇదే జబ్బుంది. 1960లలో ఒకే యంత్రాన్ని పలువురు ఒకేసారి వాడుకునే ఏర్పాటు వచ్చింది. యంత్రం ఒక్కొక్కరి పనికి రెప్పపాటు చొప్పున వంతులు పంచుతూ తిరుగుతుంది. అయితే పనులు ఒక హద్దు దాటాక యంత్రం ఉన్నట్టుండి నత్తలా తయారయ్యేది. కారణాన్ని పీటర్ డెనింగ్ 1968లో వివరించారు: ఒక ప్రోగ్రాము సామగ్రిని జ్ఞాపకంలోంచి బయట పెట్టి, ఇంకోదాని సామగ్రి లోపలికి తెచ్చుకోవడానికే యంత్రం సమయమంతా ఖర్చవుతోంది. అసలు లెక్క చేసే వ్యవధి దానికి మిగలడం లేదు. దీనికి థ్రాషింగ్ అని పేరు. మరింత వేగంగా పనిచేయమని యంత్రాన్ని తొందరపెట్టడం దీనికి మందు కాదు. లోపలున్న ప్రోగ్రాముల్లో కొన్నిటిని బయట ఆపితే మిగతావన్నీ పరుగెత్తుతాయి.

ఇంతవరకు చదివిన తెలుగు పాఠకుడికి ఒక అభ్యంతరం రావాలి. మరి అవధానులో? ఎనిమిది మంది ఎనిమిది వైపుల నుంచి ప్రశ్నలు విసురుతుంటే, అన్నిటికీ ఛందస్సు తప్పకుండా జవాబు చెబుతూ, మధ్యలో గంట ఎన్నిసార్లు మోగిందో లెక్కబెట్టేవాళ్లు మన మధ్య ఇప్పటికీ ఉన్నారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రి జంటగా శతావధానాలు చేసి తెలుగునాడంతా తిరిగారు. మనసుకు నాలుగే నిలుస్తాయన్న శాస్త్రవేత్తను వాళ్ల ముందు కూర్చోబెడితే ఏమనేవాడు?

కొంచెం దగ్గరగా చూస్తే అవధానం ఆ శాస్త్రాన్ని కాదనడం లేదు. దాన్ని గౌరవించే ఏర్పాటు అందులోనే ఉంది. అష్టావధానంలో ఎనిమిది పనులూ ఒకే క్షణంలో జరగవు, వంతులవారీగా జరుగుతాయి. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి వంటి పద్యాలకు అవధాని ఒక ఆవృత్తిలో ఒక్కో పాదం చొప్పున చెబుతాడు. ప్రశ్నలడిగే పృచ్ఛకులు కూర్చునే వరస ముందే ఖాయం. మొదటి పృచ్ఛకుడికి మొదటి పాదం చెప్పి రెండోవాడి దగ్గరికి వెళతాడు. నాలుగు ఆవృత్తులు తిరిగేసరికి నాలుగేసి పాదాలతో పద్యాలు పూర్తవుతాయి. చివర ధారణలో అన్నిటినీ మొదటి నుంచి అప్పజెబుతాడు. ఆశువుకు పద్యం అక్కడికక్కడే చెప్పేస్తాడు, దాన్ని మోసుకు తిరగనక్కర్లేదు. పురాణపఠనంలో ఇచ్చిన పద్యానికి వ్యాఖ్యానం ఆ వంతులోనే ముగుస్తుంది. అంటే ఒక ఆవృత్తి నుంచి ఇంకో ఆవృత్తికి తెరిచి ఉంచాల్సిన పద్యాలు సాధారణంగా నాలుగే. కోవన్ చెప్పిన అంకెతో ఇది కలవడం కాకతాళీయం కావచ్చు, కానీ గమనించాక నేను మరచిపోలేకపోయాను.

అంతకన్నా నాకు ముచ్చటేసే ఏర్పాటు అప్రస్తుత ప్రసంగం. అవధాని ఏకాగ్రతను చెడగొట్టడమే ఆ పృచ్ఛకుడి పని. అయితే అతడికి కూడా ఒక కుర్చీ, ఒక పేరు ఉన్నాయి. అంతరాయం ఎవరి నుంచి వస్తుందో అవధానికి ముందే తెలుసు. చమత్కారంగా ఒక మాట అనేసి మళ్లీ పద్యంలోకి వెళ్లిపోతాడు. ఆ ఎనిమిది మందీ వరస లేకుండా, ఎవరికి తోచినప్పుడు వాళ్లు అరుస్తూ ప్రశ్నలడిగితే ఎంతటి అవధానికైనా కష్టమే. మన ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో జరుగుతున్నది చాలా మట్టుకు ఇదే, పృచ్ఛకులకు వరస లేని అవధానం.

శతావధానం సంగతి వేరు. అక్కడ నాలుగు సరిపోదు. వంద మందికి వంద పద్యాలు కొన్ని రోజుల పాటు సాగుతాయి. 1995లో ఆండర్స్ ఎరిక్సన్, వాల్టర్ కించ్ ప్రతిపాదించిన సిద్ధాంతం ఇక్కడ పనికొస్తుంది. ఏళ్ల తరబడి ఒక విద్యలో మునిగినవాళ్లు కొత్తగా విన్నదాన్ని నేరుగా దీర్ఘకాల జ్ఞాపకంలోకి చేర్చుకుంటారు. తిరిగి బయటకు లాగడానికి వీలుగా దానికి గుర్తులు కట్టి మరీ దాచుకుంటారు. అంతకు ముందు ఎరిక్సన్ ఇరవై మంది చెప్పిన భోజనపు ఆర్డర్లను రాసుకోకుండా గుర్తుపెట్టుకునే ఒక వెయిటర్ మీద పరిశోధన చేశారు. మన అవధానికి ఆ గుర్తులను పద్యమే ఇస్తుంది. ప్రాస వల్ల ప్రతి పాదంలో రెండో అక్షరం తెలిసిపోతుంది. యతి వల్ల పాదం మధ్యలో ఏ స్థానంలో ఏ అక్షరానికి మైత్రి కుదరాలో తెలుస్తుంది. వృత్తం పేరు గుర్తుంటే గణాల వరసంతా గుర్తున్నట్టే. పృచ్ఛకుడి ముఖం, కూర్చున్న చోటు ఇంకో గుర్తు. ఛందస్సు తెలియని మనిషికి ఆ నాలుగు పాదాలూ ఎనభై విడి అక్షరాల్లా కనిపిస్తాయి. అవధాని వాటిని ఒకే ముద్దగా పట్టుకుంటాడు.

నర్సుకు గానీ, బడిపంతులుకు గానీ, తహసీల్దారు ఆఫీసులో గుమాస్తాకు గానీ వచ్చే పనులకు ఛందస్సు ఉండదు. మంచం నంబరు పన్నెండుకు, ల్యాబ్ రిపోర్టుకు ప్రాస కుదరదు. అలాంటప్పుడు గుర్తులను తల బయట పెట్టుకోవడమే దారి. ఒక కాగితం, ఒక రిజిస్టరు, గోడ మీద ఒక బోర్డు.

రాసుకోవడం జ్ఞాపకానికి మాత్రమే మేలు చేయదు. 1927లో బెర్లిన్‌లో బ్లూమా జైగార్నిక్ అనే యువతి ఒక ప్రయోగం చేసింది. మధ్యలో ఆపించిన పనులు పూర్తిచేసిన వాటికన్నా బాగా గుర్తుంటాయని అందులో తేలింది. ఆ జ్ఞాపకం సంగతి తర్వాతి ప్రయోగాల్లో అన్ని చోట్లా నిలవలేదు గానీ, సగంలో ఉన్న పని మనసును గుంజుతుందన్నది మాత్రం ఎవరికి వారికి తెలిసిందే. 2011లో మాసికాంపో, బామైస్టర్ ఇంకాస్త ముందుకు వెళ్లారు. తీరని పని ఒకటి గుర్తుచేసి, వెంటనే వేరే పనిలో పెడితే మనుషులు తడబడ్డారు. అదే, ఆ తీరని పనిని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తారో నిర్దిష్టంగా రాయించాక రెండో పనిలో పెడితే ఆ తడబాటు పోయింది. మొదటి పని ఇంకా అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. దానికి ఒక వేళ, ఒక చోటు దొరికిందని తెలియగానే మనసు ఊరుకుంది. పీటర్ గోల్విట్సర్, పాస్కల్ షీరన్ 2006లో ఇటువంటి 94 పరిశోధనలను కలిపి చూశారు. “ఫలానా సమయం రాగానే ఫలానా పని చేస్తాను” అని కట్టుబడినవాళ్లు, ఊరికే “చేయాలి” అనుకున్నవాళ్ల కన్నా ఎక్కువగా ఆ పని పూర్తిచేస్తారని తేలింది. చేయాల్సిన పనుల జాబితా రాసి జేబులో పెట్టుకునేవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. జాబితాలో పని పేరు ఉంటుంది, దాని వేళ ఉండదు.

ఆసుపత్రిలో రాత అత్యవసరమయ్యే ఘడియ డ్యూటీ మారేటప్పుడు వస్తుంది. పొద్దుటి సిస్టర్ మధ్యాహ్నపు సిస్టర్‌కు ఏ మంచంలో ఎవరున్నారు, ఏం జరిగింది, ఏం మిగిలింది అన్నది అప్పజెప్పాలి. అలసిపోయిన మనిషి, బస్సు కోసం తొందరపడుతున్న మనిషి, నోటిమాటగా చెప్పే ఆ పది నిమిషాల్లోనే చాలా విషయాలు జారిపోతాయి. అమెరికా, కెనడాల్లో తొమ్మిది పిల్లల ఆసుపత్రుల్లో డాక్టర్లు డ్యూటీ అప్పగించే పద్ధతికి ఒక ఖాయమైన వరస పెట్టి చూశారు: జబ్బు తీవ్రత, రోగి సంగ్రహ చరిత్ర, చేయాల్సిన పనులు, రాగల ఇబ్బందులు, చివరగా విన్నవాళ్లు తిరిగి తమ మాటల్లో చెప్పడం. 2014లో ఫలితాలు వచ్చాయి. వైద్యంలో తప్పులు 23 శాతం, నివారించగల హాని 30 శాతం తగ్గాయి. అప్పగింతకు పట్టే సమయం పెరగలేదు. మనుషులు వాళ్లే, రోగాలు అవే. మారింది ముఖ్యంగా చెప్పే వరస.

ఇలాంటిదే శస్త్రచికిత్స సమయంలో చదివే చెక్‌లిస్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 19 అంశాల జాబితాను ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, చిక్కులు 11 నుంచి 7 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. రోగి పేరు అడగడం, ఏ వైపు కోయాలో గుర్తుపెట్టడం, దూదులు, పనిముట్లు లెక్కబెట్టడం వంటివే అందులో ఉన్నవి. అయితే ఈ కథకు రెండో సగం ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులు ఈ జాబితాను అమలు చేశాక మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2014లో మరో పరిశోధన చూపింది. పైనుంచి ఉత్తర్వుతో వచ్చిన కాగితం మీద టిక్కులు పడవచ్చు, గదిలో వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవచ్చు. మన దగ్గర రిజిస్టర్లకు కొదవ లేదు. ఒకే సమాచారాన్ని నాలుగు రిజిస్టర్లలో నింపిస్తే ఆ రాత పనిని తేలిక చేయదు, ఇంకో పనిగా మారుతుంది.

ఇక బుర్రను, కాగితాన్ని దాటి అసలు పేరుకుపోయే చోటికి వద్దాం. ఓపీ వరస ఎందుకు అంత పొడవుంటుంది? డాక్టరు నెమ్మదిగా చూస్తున్నాడనో, జనం ఎక్కువనో అనుకుంటాం. 1909లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఆగ్నర్ ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు ఫోన్ కాల్స్ రాకపోకల మీద ఒక వ్యాసం రాశాడు. క్యూల గణితానికి అదే మొదలు. అందులోంచి పుట్టిన ఒక సాదా సూత్రాన్ని ఓపీ గదికి అన్వయించి చూడండి. ఒక డాక్టరు సగటున ఒక్కో రోగికి 5 నిమిషాలు తీసుకుంటాడు. కొందరికి రెండు నిమిషాలు, కొందరికి పదిహేను. రోగులు తోచినప్పుడు వస్తారు. డాక్టరు సమయంలో 80 శాతం పనితో నిండితే, రోగి సగటున 20 నిమిషాలు వేచి ఉండాలి. 90 శాతం నిండితే 45 నిమిషాలు. 95 శాతం నిండితే 95 నిమిషాలు.

ఈ అంకెలు ఇంకోసారి చూడండి. 90 నుంచి 95కు పోవడమంటే డాక్టరు గంటకు మూడు నిమిషాలు ఎక్కువ పనిచేయడమే. వేచి ఉండే సమయం మాత్రం రెట్టింపు దాటింది. మన సహజ బుద్ధి దీన్ని పట్టుకోలేదు. పని అయిదు శాతం పెరిగితే ఆలస్యం కూడా అయిదు శాతం పెరుగుతుందనుకుంటాం. రాకలో ఒక తీరు లేనప్పుడు, ఖాళీ తగ్గేకొద్దీ వరస నిట్టనిలువుగా లేస్తుంది. ఎందుకంటే ఒకేసారి నలుగురు వచ్చినప్పుడు వెనకబడిన సమయాన్ని రాబట్టుకోవడానికి ఖాళీ క్షణం ఉండదు. కాకతీయులు కట్టించిన చెరువుల దేశంలో ఇది చెప్పడం తేలిక: మత్తడి అంచు దాకా నిండిన చెరువుకు చిన్న వాన కూడా వరదే. నిజానికి ఓపీలో పరిస్థితి ఈ సూత్రం కన్నా గడ్డుది. బస్సులన్నీ పొద్దున్నే దిగుతాయి, జనమంతా ఒకేసారి వస్తారు.

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ జాన్స్ ఆసుపత్రికి ఇదే సమస్య ఎదురైంది. 32 ఆపరేషన్ గదులు, ఏటా 30 వేలకు పైగా ఆపరేషన్లు. అన్ని గదులూ ముందే నిండిపోయేవి. అత్యవసర కేసు రాగానే అనుకున్న ఆపరేషన్ వెనక్కి జరగడం, ఆ ఆలస్యం గదుల మీద గదులకు పాకడం, అర్ధరాత్రి రెండింటికి డాక్టర్లు కత్తి పట్టుకోవడం మామూలైపోయింది. సలహాదారు ఇచ్చిన మందు వినడానికి వింతగా ఉంటుంది: ఒక గదిని ఎవరికీ కేటాయించకండి, అత్యవసరాలకే వదిలేయండి. ఉన్నవే చాలడం లేదంటే ఒకటి ఖాళీగా పెట్టమంటాడేమిటని సర్జన్లు గొణిగారు. పెట్టాక చూస్తే మొత్తం ఆపరేషన్లు 5 శాతం పెరిగాయి, మధ్యాహ్నం మూడు తర్వాత చేసేవి 45 శాతం తగ్గాయి. అనుకోకుండా వచ్చేవాటికి ఒక గది దొరికింది, దాంతో అనుకున్నవి అనుకున్న వేళకు జరిగాయి. అప్రస్తుత ప్రసంగికి కుర్చీ వేసిన మన పెద్దలు చేసిందీ ఇదే.

ఈ ఖాళీని సొంత రోజులో ఉంచుకోవడం మనలో ఎవరికీ చేతకాదు. దానికి కారణం కూడా కొలిచారు. 1994లో రోజర్ బ్యూలర్, మరో ఇద్దరు కెనడాలో సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థులను ఎన్నాళ్లు పడుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్లంటే 49 అన్నారు. నిజానికి పట్టినవి 55 రోజులకు పైగానే. అంటే అన్నీ చెడిపోయినప్పటి లెక్క కూడా తక్కువే పడింది. ఇదివరకు ఇలాంటి పనికి నిజంగా ఎన్నాళ్లు పట్టిందో చూసుకుంటే ఈ భ్రమ నుంచి కొంత బయటపడొచ్చు. పోయిన నెల రిజిస్టరు తీసి చూడటం, వచ్చే నెల గురించి ఊహించడం కన్నా మేలు.

ఎవరిని ముందు చూడాలన్న ప్రశ్నకు ఆసుపత్రి దగ్గర స్పష్టమైన జవాబుంది. నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడు డొమినిక్ లారీ గాయం తీవ్రతను బట్టి సైనికులను చూసేవాడు, హోదాను బట్టి కాదు. ట్రయాజ్ అన్న పద్ధతికి ఆయన్నే ఆద్యుడిగా చెబుతారు. ఇప్పుడు క్యాజువాలిటీలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులు అందులోంచి వచ్చినవే. మన సొంత పనుల్లో మాత్రం ఎక్కువ గొంతుతో అడిగినవాడికి ఎరుపు గుర్తు తగిలిస్తాం. ఆకుపచ్చ గుర్తున్న రోగికి కూడా తన వంతు ఎప్పుడొస్తుందో చెప్పాలని ఆసుపత్రికి తెలుసు. లేకపోతే అతడు ప్రతి పది నిమిషాలకూ వచ్చి అడుగుతాడు, ఆ అడగడమే ఇంకో అంతరాయం అవుతుంది.

వేచి ఉన్న పనుల గురించి ఇంకో చిన్న లెక్క ఉంది. 1961లో జాన్ లిటిల్ దానికి గణిత రుజువిచ్చారు. లోపల ఉన్నవాళ్ల సంఖ్యను గంటకు వచ్చేవాళ్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్కరు గడిపే సగటు సమయం వస్తుంది. గంటకు 60 మంది వచ్చి పోతున్న ఓపీ హాల్లో ఎప్పుడు చూసినా 90 మంది కూర్చుని ఉంటే, ఒక్కొక్కరికి గంటన్నర పడుతోందన్నమాట. గడియారం పట్టుకుని ఎవరి వెంటా తిరగనక్కర్లేదు. మీ బల్ల మీద 30 ఫైళ్లున్నాయి, రోజుకు 5 కదులుతాయి, రోజుకు 5 వస్తాయి. అయితే ఇవాళ వచ్చిన ఫైలు సగటున 6 రోజులుంటుంది. ఆరు రోజుల లోపు చేస్తానని ఎవరికైనా మాటిస్తే, ఇంకెవరి ఫైలో వెనక్కి పోతుంది.

ఈ లెక్కలు చూశాక ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. కాగితం, వరస, వేళ ఇవన్నీ మనిషికి మేలు చేస్తాయి, కానీ కొంత మేరకే. ఇద్దరు డాక్టర్లు కూర్చున్న ఓపీని ఊహించుకోండి. ఒక్కొక్కరు గంటకు 12 మందిని చూడగలరు, గంటకు 20 మంది వస్తున్నారు. వరస ఉంటుంది గానీ కదులుతుంది. ఒక డాక్టరు సెలవు పెట్టారు, లేదా ఆ పోస్టు ఖాళీగా ఉంది. మిగిలిన డాక్టరు ఎంత క్రమశిక్షణ గలవారైనా, ఎంత చక్కని జాబితా రాసుకున్నా గంటకు 8 మంది మిగిలిపోతూనే ఉంటారు. నాలుగు గంటలకు 32 మంది. వాళ్లలో కొందరు ములుగు అవతలి నుంచి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చినవాళ్లు, ఆ రోజు కూలి వదులుకున్నవాళ్లు. ఆ 32 మందిని చూడలేకపోయినందుకు ఆ ఒక్క డాక్టరుకు సమయపాలన మీద శిక్షణ ఇప్పించడం వృథా. డ్యూటీ చార్టు వేసే గదిలో, పోస్టులు మంజూరు చేసే ఫైలు మీద, వచ్చేవాళ్ల సంఖ్య పక్కన చూడగలిగేవాళ్ల సంఖ్య రాసి, రెండో అంకె మొదటిదాని కన్నా తగినంత పెద్దదిగా ఉందో లేదో సంతకానికి ముందే చూడాలి.